కొత్త అంబాసిడర్, మామయ్యగారి ల్యాండ్‌మాస్టర్

1968 మే 6

కొత్త అంబాసిడర్ వచ్చింది. పాలనురుగులా తెల్లగా. తెనాలిలో మా వీధి వీధంతా వాకిట్లోనే. అత్తయ్యగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నన్ను వెనక కూర్చోబెట్టారు. సీటు మెత్తగానే ఉంది... చేతులే ఊరుకోవడం లేదు.

మే 9

"నేనూ ఓసారి నడపనా?" అన్నా. ఆయన నవ్వేశారు. "డ్రైవర్ని పెడుతున్నాగా, నీకెందుకు?"

మామయ్యగారు అలా అనలేదు. పోయేముందు ఏడాది, కొల్లూరు కరకట్ట మీద, తన పాత కారు ల్యాండ్‌మాస్టర్‌తోనే నేర్పారు. "భయపడకమ్మా, పోనీ..."

మే 10

కొత్తది తాళం తిప్పగానే స్టార్టవుతుంది. పాతదాన్ని బతిమాలాలి. కొత్తదాని తలుపు చప్పుడు లేకుండా పడుతుంది. పాతదాన్ని మోచేత్తో గుద్దాలి. అయినా దాని గేరు ఎక్కడ పడుతుందో నా చేతికి తెలుసు —

మే 13

పాతది అమ్మేస్తారట. రేపల్లె నుంచి ఒకాయన చూడ్డానికొచ్చాడు. "ఎవరు నడిపేవారండి?" "మా నాన్నగారండి," అన్నారీయన. తలుపు చాటు నుంచి నేను — "నేను కూడానండి."

అత్తయ్యగారు గుడ్లురిమి చూశారు.

మే 14

వడ్డిస్తుంటే ఈయన కంచంలోకే చూస్తూ తిన్నారు. నేను వెళ్ళి పాతదాని అద్దాలు తుడిచొచ్చా.

మే 17

ఆయన పనిమీద గుంటూరు వెళ్ళారు, కొత్త కార్లో. పాతది బయటికి తీశా. గేటు దగ్గర అత్తయ్యగారు. తిడతారనుకున్నా. తలుపు లాగి పక్కన కూర్చున్నారు. "మీ మామయ్య ఏనాడూ నన్ను ముందు కూర్చోబెట్టలేదు. పద."

బాపట్ల దాకా పోయాం. సముద్రం దగ్గర ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి నడిచారు. నవ్వుతూ!

తిరిగొస్తుంటే ఊరి మొదట్లో, మమ్మల్ని వెతుక్కుంటూ కాబోలు, ఎదురుగా తెల్ల కారు. ఆయన. పక్కకి తీసి దారిచ్చారు.

మే 18

పొద్దున్నే కొత్త కారు తాళాలు నా ముందు పెట్టారు. "నువ్వే నడుపు. డ్రైవరొద్దులే. రెండు కార్లు మనకెందుకు... పాతది ఇచ్చేద్దాం. నువ్వు ఊఁ అంటేనే."

కరకట్ట దాకా వెళ్ళొచ్చా. ఎంత తేలిగ్గా తిరుగుతోందో స్టీరింగు. నచ్చింది. నచ్చినందుకే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

మే 20

రేపల్లె ఆయన వచ్చాడు. అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. ఈయన లోపలికొచ్చి నా మొహం చూసి మళ్ళీ బయటికెళ్ళారు. అత్తయ్యగారే అడిగారు — "ఏమంటావే అమ్మాయ్?"

ఏమనాలో తేలక, పాతదాని తాళం కొంగున ముడేస్తున్నా, విప్పుతున్నా. బయట గ్లాసు కింద పెట్టిన చప్పుడు...