ఆవులున్న ఇంట్లో ఆడపిల్లల చదువు

జూన్ 2, సోమవారం. చింతామణి.

నేటి నుంచి ఆధారం లేని మాట ఏదీ నమ్మను.

కారణం: నా పీహెచ్‌డీ గైడు అమరనాథ్ సార్ శనివారం మూడో అధ్యాయం తిరిగి ఇచ్చారు. పేజీ పేజీకీ ఎర్ర ఇంకుతో ఒకే ప్రశ్న: "మీకెట్లా తెలుసు?" చివర ఇంకో వాక్యం: "అంబికా, చదివినదంతా నమ్ముతున్నారు. ఆలోచించడం మొదలుపెట్టండి."

నిజమే. కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా ఎకనామిక్స్ చెబుతాను. పాఠం కూడా చదివినట్టే చెబుతాను.

నియమాలు:
ఎవరన్నారు, వాళ్ళకెట్లా తెలుసు, వేరే కారణం ఉండొచ్చా అని ప్రతిదానికీ అడగాలి.
చెప్పింది పెద్దవాళ్ళయినా సరే.
ఇంట్లో కూడా.

చివరిది ఉత్సాహంలో రాశాను.

జూన్ 3.

మెంతినీళ్ళతో మోకాళ్ళ నొప్పి తగ్గిందని అత్త సుబ్బలక్ష్మమ్మగారు అన్నారు. అప్పుడే మాత్రలు కూడా వేసుకున్నారు గదా, ఏది పనిచేసిందో ఎట్లా చెప్పగలం అని అడిగాను. అత్త చాలాసేపు ఆలోచించారు. ఇంట్లో ఇంత మంచి చర్చ ఎప్పుడూ జరగలేదు.

రేపటి నుంచి మెంతులు నన్నే నానబెట్టమన్నారు.

జూన్ 6.

అద్భుతమైన రోజు. మూడో అధ్యాయంలో మొదటి వాక్యం పట్టుకున్నాను: "పాల డైరీ వచ్చిన ఊళ్ళలో ఆడపిల్లల చదువు పెరిగింది." నా థీసిస్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

నాకెట్లా తెలుసు? అమరనాథ్ సార్ వ్యాసంలో చదివాను. సార్‌కెట్లా తెలుసు? ఒక సెమినార్ సావనీర్, ఆ సభ ప్రత్యేక సంచిక. ఆ సావనీర్‌కు? ఒక కన్నడ పేపరు వార్త. లైబ్రరీలో ఆ పేపరు దొరికింది. మండికల్ రైతు వెంకటేశప్ప చెప్పిన మాట అని రాసి ఉంది.

పరిశోధన అంటే ఇదే అనిపించింది. భోజనం మరిచిపోయాను.

జూన్ 8, ఆదివారం. మండికల్.

వెంకటేశప్పకు అరవై దాటి ఉంటాయి. నాలుగు ఆవులు. కాఫీ ఇప్పించి నా ప్రశ్న శ్రద్ధగా విన్నారు.

"సారే చెప్పినారు గదమ్మా. మా డైరీ సభెకి వచ్చినారే, అమరనాథ్ సారు. పాడి వచ్చిన ఊర్లల్లో ఆడపిల్లోళ్ళ చదువు బాగైండాదని చెప్పినారు. పేపరాయన వచ్చి అడిగితే నేనూ అదే చెప్పినా."

కాఫీ తాగేశాను.

బయట కొట్టంలో ఆయన మనవరాలు అర్పిత పేడ ఎత్తుతోంది. సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, ఫస్టుక్లాసులో పాసైంది. డిగ్రీలో చేరలేదు. ఎందుకని అడిగాను. అవ్వకు చెయ్యి పడిపోయిందట.

"బస్సూ పాలూ ఒకే టైమక్కా. నేను బస్సెక్కితే పిండేదెవురు?" అంది. తర్వాత, "ఈ మాట నన్ను ఎవురూ అడగలేదు. నువ్వే మొదలు" అంది.

జూన్ 9.

రేపు సార్‌కు చెప్పాలి. చెప్పవలసిన మాటలు అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను.

జూన్ 10.

సార్ మంచి సంతోషంలో ఉన్నారు. వచ్చే ఏడాది గెస్టు లెక్చరర్ల జాబితాలో నా పేరు ఉండాలని ప్రిన్సిపాల్‌తో మాట్లాడారట. 27న సెమినార్, తర్వాత థీసిస్ సమర్పణ. ఆ మొదటి వాక్యం గట్టిగా ఉందనీ, దాన్ని కదపొద్దనీ చెప్పారు.

ఆ ఫుట్‌నోట్ గురించి, సార్, అన్నాను. సందేహమా అని అడిగారు.

స్పెల్లింగ్, సార్, అన్నాను.

జూన్ 14.

ప్రశాంతంగా ఆలోచించాను. అర్పిత ఒక్కతే. ఒక్క పిల్లను చూసి ఊళ్ళన్నిటి సంగతి తేల్చకూడదు. ఇది కూడా విమర్శనాత్మక ఆలోచనే. కాబట్టి వాక్యం ఉండవచ్చు.

ముందు "పలువురి అభిప్రాయం ప్రకారం" అని చేర్చాను. పలువురంటే సార్, సావనీర్, పేపరు, వెంకటేశప్ప. విప్పి చూస్తే సార్.

సాయంత్రం ఆలస్యంగా ఇల్లు చేరాను. లైబ్రరీకి వెళ్ళానని చెప్పాను. "పోయినావనేదానికి ఆధారమేముండాది?" అని అత్త అడిగారు. వెళ్ళింది బజ్జీల అంగడికి.

ఇంట్లో నియమం రద్దు.

జూన్ 20.

ఏమీ ఆలోచించలేదు. పేజీ నంబర్లు సరిచేశాను.

జూన్ 27, శుక్రవారం.

సెమినార్ అయింది. ఎవరైనా "మీకెట్లా తెలుసు?" అంటారేమోనని చివరిదాకా కాచుకున్నాను. ఎవరూ అనలేదు. బయటినుంచి వచ్చిన నిపుణుడు ఆ వాక్యాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఇప్పుడు మీరు ఆలోచిస్తున్నారు అని సార్ అన్నారు.

పేపరు విలేఖరి ఫోటో తీసుకున్నాడు. చీర బాగుంది.

జూన్ 29, ఆదివారం.

పేపర్లో వచ్చింది. "పాడితో పెరిగిన ఆడపిల్లల చదువు: పరిశోధకురాలు అంబిక." మా ఆయన నాగేశ్ టమాటా మండీలో అందరికీ పంచడానికి కాపీలు కొన్నాడు. అత్త పక్కింటివాళ్ళకు చూపించారు. ఆధారం అడగలేదు.

పేపరు తిరగేసి పెట్టాను. వెనకపక్క సినిమా ప్రకటన ఉంది.

జూలై 2.

వెంకటేశప్ప ఫోన్.

"పేపర్లో చూసినానమ్మా. మీరూ అదే కనుక్కున్నారంట. మీ మాట మీద ఇంగో రెండావులు తెస్తాండాను."

పాలు పిండేదెవరని అడిగాను.

"అర్పిత ఉండాది గదా."

పేపరు తను చూసిందా అని అడిగాను. చూపించారట. చదివి, మడిచి, తాత చేతికిచ్చి, కొట్టంలోకి వెళ్ళిపోయిందట.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లేచాను. అత్త ఎందుకని అడగలేదు. కంచం తీసి మూతపెట్టారు.

జూలై 3.

సార్‌కు అంతా చెప్పాను. స్పెల్లింగ్ కాదని కూడా.

ఆ మాట మొదట అన్నదెవరని అడిగారు. మీరే సార్, మండికల్ సభలో, అన్నాను. సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ రోజు ఉపన్యాసం ముగించడానికి ఒక మంచి మాట కావలసి వచ్చింది" అన్నారు.

థీసిస్ సమర్పణ వాయిదా. ఎప్పటికో తెలియదు. గెస్టు లెక్చరర్ల జాబితా గురించి తానిప్పుడేమీ చెప్పలేనన్నారు. నేను లేచి వచ్చేస్తుంటే, తన వ్యాసం కాపీ ఒకటి ఉంటే పంపమని అడిగారు. మళ్ళీ చదవాలట.

బస్సులో ఏడ్చాను. టికెట్ ఇస్తూ కండక్టర్ ఇంకోవైపు చూశాడు.

జూలై 6, ఆదివారం. మండికల్.

పేపర్లో వచ్చింది కనుక్కున్న మాట కాదని వెంకటేశప్పతో చెప్పాను. అడగకుండానే రాశానన్నాను.

"అట్లయితే నిజమేందమ్మా?"

తెలీదప్పా అన్నాను. ఈ మాట ఇంత కష్టంగా ఉంటుందనుకోలేదు.

"కనుక్కో. ఆవులకు మాటిచ్చేసినా. ఒకటి వద్దని చెప్తాలే" అన్నారు. వచ్చే ఆ ఒక్కదాన్ని ఎవరు పిండాలో మాట్లాడుకోలేదు. అర్పిత కొట్టంలోంచి అంతా వింది. చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, ఇంటింటా అడగడానికి నాతో వచ్చింది.

మొదటి ఇల్లు కెంపమ్మది. పాడి వచ్చాక పిల్లల చదువు బాగా పెరిగిందన్నారు. ఎట్లా తెలుసమ్మా అని అడిగాను.

"పేపర్లో వచ్చింది గదా. నువ్వే చెప్పినావంట."

రాసుకున్నది కొట్టేశాను.

అర్పిత కెంపమ్మను అడిగింది. "అత్తా, ఈ పొద్దు పాలు పిండిందెవురు?"

"మా పాప నేత్ర. ఈ పొద్దు ఆదివారం గదా, కాలేజీ లేదు."

"నిన్న?"

కెంపమ్మ లోపలికి చూశారు. చేతిలోని చాటను పక్కన పెట్టారు. నేను వేరే ప్రశ్న వెయ్యబోతే అర్పిత నా చెయ్యి పట్టుకుంది.

నేటి నుంచి కొత్త నియమం, ఒకటే: అడిగాక, జవాబు వచ్చేదాకా ఆగాలి.