ఫోటో లేని పోస్టు

మార్చి 3, సాయంత్రం

పోస్టు పెట్టేశాను. ఇళ్ళకొచ్చి పేషెంట్లని చూసుకునే నర్సునంటూ, ముసలివాళ్ళకి నిద్రమాత్రలు మింగించి నగలు పట్టుకుపోతున్న ఒక మనిషి గురించి. మోసపోయిన కుటుంబాలతో మాట్లాడాను, పోలీసులని అడిగాను, పేర్లన్నీ తీసేశాను. ఆమె ఫోటో నా చేతికొచ్చింది. పెట్టలేదు. నేరం రుజువు కాని మనిషి మొహాన్ని వీధిన పడేసే హక్కు నాకెక్కడిది?

నాతో కలిసి బ్లాగు నడిపేవాడికి గ్రాఫ్ అని పేరు పెట్టాను. ఎంతమంది చదివారన్న గీతనే రోజంతా చూస్తూ కూర్చుంటాడు. ఫోటో లేని పోస్టు ఉప్పు లేని కూర అన్నాడు. ఉప్పు ఎక్కువైతే పారబోయడమే కదా అన్నాను. మళ్ళీ గీత చూసుకోవడంలో పడ్డాడు.

అడుగున, మా బ్లాగులోనే నేను రాసిన మా అక్క పాత ఇంటర్వ్యూ లింకు ఇచ్చాను, అసలైన నర్సు ఎలా ఉంటుందో చూడండని. అక్క పిల్లల వార్డులో పనిచేస్తుంది. ఆ ఇంటర్వ్యూ ప్రింటు తీసి లాకర్ తలుపుకి అంటించుకుంది పిచ్చిది.

మార్చి 4, పొద్దున

గీత నిట్టనిలువుగా లేచిందట. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు.

బిల్డింగ్ గ్రూపులో నీళ్ళ బంద్ నోటీసు. సెక్రటరీగారి రూలు ప్రకారం ఏ నోటీసుకైనా ఫ్లాటుకొకరు 'చూశాను' అని పెట్టి తీరాలి. పెట్టకపోతే స్వయంగా వచ్చి బెల్లు కొడతాడు మహానుభావుడు. పెట్టాను.

మార్చి 4, మధ్యాహ్నం

బావ ఫోన్ చేశాడు. ఏం చేశావమ్మా నువ్వు అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఎవరైనా లింకు పంపితే దాంతోపాటు ఒక ఫోటో కనిపిస్తుంది. పోస్టులో ఫోటో లేకపోతే మా సైటు తనే ఒకటి వెతుక్కుంటుంది. అడుగున నేనిచ్చిన లింకులోంచి అక్క మొహాన్ని లాక్కుంది. యూనిఫాంలో, నవ్వుతూ. దాని కింద నా హెడ్డింగ్: ఈ నర్సుని ఇంట్లోకి రానిస్తున్నారా?

సైటు తెరిచి చూస్తే ఇదేమీ కనబడదు. అందుకే ఏ పోస్టయినా బయటపెట్టే ముందు ఆ లింకు మాకు మేమే పంపుకుని చూసుకుంటాం. నిన్న పంపుకోలేదు. నిజాలు సరిచూడటంలో మునిగిపోయి అది మర్చిపోయాను.

ఇప్పుడు మార్చాను. చేతులు కాలాక ఆకులు. ఫోన్లలోకి వెళ్ళిపోయిన అక్క అక్కడే ఉంది, నవ్వుతూ.

మార్చి 5

అక్కని కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు. నీ సంగతి మాకు తెలియదా తల్లీ అందట మేట్రన్. కానీ అక్క సూది పట్టుకుని వస్తుంటే ఒక తల్లి మంచం మీది బిడ్డని ఎత్తుకుని బయటికి పరుగెత్తిందట.

మార్చి 6

సవరణ రాశాను. అక్క ఫోటో పెట్టి, ఈమె ఆమె కాదని. అక్కకి చూపిస్తే వద్దంటే వద్దంది. ఇంకోసారి చూస్తే జనానికి నా మొహమే గుర్తుంటుందే, కాదన్న మాట గుర్తుండదు అంది.

ఫోటో లేకుండా పెట్టాను. ఎవరూ చదవలేదు. ఎవరి గురించో తెలియని సవరణ ఎవరిక్కావాలి?

మార్చి 8

అసలు పోస్టే తీసేద్దామన్నాను. గ్రాఫ్ వద్దన్నాడు. వాడి గీత కోసమేననుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఒక మెయిల్ తెరిచి చూపించాడు. మా పోస్టు చదివి ఒకామె, వాళ్ళ నాన్నని చూసుకోవడానికొచ్చిన కొత్త నర్సుని నాలుగు ప్రశ్నలు అడిగిందట. అదే మనిషి. సంచి కూడా వదిలేసి పారిపోయిందట. తీసేస్తే రేపు ఇంకెవరి నాన్నో అన్నాడు గ్రాఫ్.

ఉంచితే మా అక్క. ఏం చేయను? నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు.

మార్చి 9

తీసేశాను.

మార్చి 10

తీసేయడమే నేరమైంది. ఇంటర్వ్యూ మొదటి వాక్యం ఎవరో తవ్వి తీశారు. మా అక్క నర్సు అని నేనే మురిసిపోతూ రాసుకున్న వాక్యం. బ్లాగావిడ సొంత అక్కని కాపాడుకోవడానికి పోస్టు పీకేసిందని తిప్పుతున్నారు. నిప్పు లేనిదే పొగ రాదట.

ఈమె ఆమె కాదని ఇక ఎవరు చెప్పినా నమ్ముతారేమో. నేను చెబితే నమ్మరు.

మార్చి 11

అసలు మనిషి ఫోటో పెట్టేశాను. రుజువూ లేదు, హక్కూ లేదు, నా నీతీ లేదు. అక్క బయటపడితే చాలనుకున్నాను.

గంటలోనే కామెంట్లు. అక్కని తప్పించడానికి ఎవరో అమాయకురాలిని ఇరికిస్తోందట. గోరుచుట్టు మీద రోకటిపోటు. అదీ తీసేశాను.

మార్చి 14

అక్క ఇంటికి వెళ్ళాను. తిన్నావా అంది. లేదంటే పెట్టింది. డ్యూటీలోకి రమ్మన్నారట, పిల్లల వార్డుకి కాదు, స్టోర్ రూముకి. సెలైన్ సీసాలు నన్ను చూసి ఏడవవులే, హాయిగా ఉంది అని నవ్వింది. బావ లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

బయల్దేరుతుంటే ఆ ఇంటర్వ్యూ కూడా తీసెయ్యవే అంది. లాకర్ మీది కాగితం తనే చింపేసిందట.

క్షమించమని అడగలేదు. అడిగితే సరేలే అంటుంది. అది విని నేను బతకలేను.

ఇంటికొచ్చి ఇంటర్వ్యూ తీసేశాను. అక్క గురించి నేను రాసిన మంచి మాట ఇప్పుడు ఎక్కడా లేదు.

మార్చి 19

సెక్రటరీగారి నోటీసు. ఈ నర్సు మన వైపు తిరుగుతోందట, మొహం గుర్తుపెట్టుకుని గేటు దాటనివ్వకూడదట. ఫోటోలో అక్క.

ఈమె మా అక్క అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను.

కింద వరసగా చూశాను, చూశాను, చూశాను. మా ఫ్లాటు ఒక్కటే మిగిలింది.

బెల్లు మోగింది.

చూశాను అని పెట్టాను.