అవ్వ వేసిన ఆముదం బొట్టు

చింతామణి, బుధవారం

చెల్లీ సహనా, నేను కులాసా. అవ్వకు ఫోనులో మాట సరిగా వినపడదు కాబట్టి కార్డు రాస్తున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువుకో.

బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే రామచంద్రప్పకు తాత జేబు గడియారం ఇచ్చాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, మూత లోపలి సన్నటి అక్షరాలు చదివి, అసలైన స్విస్ గడియారమే అన్నాడు. తర్వాత వాసన చూశాడు. "దీంట్లో ఆముదం ఎవరు పోసినారప్పా? చక్రాలన్నీ బంకబట్టి ఉండాయి." ఏటా ఆయుధపూజకు అవ్వ లోపల ఒక బొట్టు వేసేది కదా. తాత పోయిన దిగులుతోనే గడియారం ఆగిందని ఇన్నేళ్లూ అనుకుంటోంది. ఆపింది తన ఆముదమేనని ఆమెకు తెలియనివ్వకు.

కడిగి బిగించాక చెవి దగ్గర పెట్టుకున్నాను. చిన్నప్పుడు తాత జేబు మీద తల పెట్టి నిద్రపోతూ విన్న చప్పుడే. ఎండలో బజారంతా నీళ్ల అడుగున ఉన్నట్టు దూరమైపోయింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

మన పాతపాళ్యలో వాన పడిందా? చెనక్కాయలు పీకారా? నాయన మోకాలి నొప్పి ఎలా ఉంది?

ఇక్కణ్ణుంచి గట్టిగా చదువు.

అవ్వా, నీ కాళ్లకు మొక్కుతున్నాను. గడియారం నడుస్తోంది. "ఒక్క చక్రమూ తుప్పు పట్టలేదప్పా. ఆ ఆముదమే కాపాడిండాది" అన్నాడు రామచంద్రప్ప. ఈసారి పూజకు పైన కుంకుమ పెడితే చాలు, లోపల కొత్త నూనె ఆయనే వేశాడు. రోజూ కీ మాత్రం నువ్వే ఇవ్వాలి. నీ చెయ్యి మంచిది.

నీ మనవడు,
అంబరీష్