దయచేసి బస్సు బాగుచేయకండి

ఆటల డాక్టరమ్మ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాను, మళ్ళీ సొరుగులో పెట్టాను, కళ్ళజోడు తుడుచుకున్నాను. ఇక తుడవడానికి ఏమీ మిగలక రాస్తున్నాను. ఫోను చేయమని మా కోడలి గోల. వయసంతా ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు నావి. ఫోనులో మీరు ఊ అన్నా ఊహూ అన్నా నాకు ఒకటే.

నేనెవరంటే, మంగళవారం మంగళవారం మీ దగ్గరికి వచ్చే ఆరేళ్ళ పిల్లకు తాతను. మెకానిక్కును. ఇంటి వెనకే షెడ్డు. బడిలో చదివింది తక్కువ. మిగతా చదువంతా స్పేరు పార్టులు చుట్టి వచ్చే పాత పేపర్లలో చదివిందే. ఆ పేపర్లు ఎప్పుడూ సగానికి చిరిగి ఉంటాయి కనక లోకంలో ప్రతి విషయమూ నాకు సగం తెలుసు.

వానలు మొదలైన వారంలో మా అబ్బాయి వ్యాను వంతెన దగ్గర బోల్తాపడింది. వాడు దక్కలేదు. పిల్లకు ఆ మాట చెప్పలేదు. "నాన్న బండి బాగయ్యాక వస్తాడు" అన్నాం. ఆలోచన మా అక్కది. మా ఇంట్లో అక్క ఆలోచిస్తుంది, మిగతావాళ్ళం తలలూపుతాం. ఆ వారం నుంచే పిల్ల నోరు మూతపడింది. ఒక్క మాట లేదు.

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "పిల్ల చెవులు భేషుగ్గా ఉన్నాయి, మీవే ఓసారి చూపించుకోండి" అన్నాడు. థెరపీ చేయించమని ఎవరో అంటే, బోర్డు మీద థెరపీ అని ఉన్న మొదటి తలుపు తట్టాను. ఆయన మోకాళ్ళ మనిషట. వచ్చినవాళ్ళను ఊరికే పంపడమెందుకని నా మోకాలు పట్టుకుని వంచాడు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయనే గుర్తొస్తాడు. చివరికి బడిలో టీచరు మీ చిరునామా ఇచ్చింది.

సరే, అసలు సంగతి. పోయిన మంగళవారం తలుపు అద్దంలోంచి లోపలికి చూశాను. చూడరాదని బోర్డుంది. అది చదివాకే చూశాను. పిల్ల ఒక విరిగిన బొమ్మ బస్సును ఇసుకలో తోస్తోంది. మీరు పక్కన చతికిలబడి చూస్తున్నారు. గంటసేపు అంతే! అమ్మా, ఊరికే కూర్చుని చూడడానికి మా ఇంట్లోనే ముగ్గురం ఉన్నాం. వైద్యం ఎప్పుడు మొదలుపెడతారు?

బండి అప్పగించే ముందు మెకానిక్కును అడగవలసినవి అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. పని ఎక్కడ నేర్చుకున్నారు? ఇలాంటి రిపేరు ఇదివరకు చేశారా? ఎన్నాళ్ళు పడుతుంది? మధ్యలో నాకేం చెబుతారు?

ఇట్లు,
పిల్ల తాత

తా.క. ఆ బస్సుకు ముందు చక్రం లేదు. నా షెడ్డులో సామాను అలా ఉంటే కస్టమరు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు.

*

పాప తాతగారికి,

నమస్కారం. మీ ప్రశ్నలు చాలా మంచివి. పిల్లలను తెచ్చేవాళ్ళందరూ అవే అడగాలి, ఎవరూ అడగరు.

నేను డాక్టరును కాను, మందులివ్వను. మనస్తత్వశాస్త్రం చదివి, ఆ తరవాత ప్లే థెరపీలో విడిగా శిక్షణ పొందాను. నాకంటే అనుభవం ఉన్న ఒకావిడ ఇప్పటికీ నా పనిని చూసి తప్పులు దిద్దుతారు. అయినవాళ్ళను పోగొట్టుకున్న పిల్లలతో ఇదివరకు పనిచేశాను. ఎన్నాళ్ళు పడుతుందో ముందే చెప్పేవాళ్ళను నమ్మకండి. నన్నయినా సరే.

మీకు మనసు బాగాలేకపోతే నాలుగు పేజీలు రాశారు. ఆరేళ్ళ పిల్లకు ఆ నాలుగు పేజీలు ఉండవు. బస్సు ఉంటుంది, ఇసుక ఉంటుంది. ఆడడమే తను మాట్లాడడం. మధ్యలో ప్రశ్నలడిగితే ఆగిపోతుంది. అందుకే నేను అడగను. తను ఎటు తీసుకెళ్తే అటు వెళ్తాను. ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది కానీ ఇంటికెళ్ళేసరికి నాకు ఒళ్ళు హూనమవుతుంది.

గదిలో ఏం ఆడిందో మీకు చెప్పను. ప్రమాదమేదైనా ఉందనిపిస్తే చెబుతాను. మొత్తం మీద ఎలా ఉందన్నది మీ కోడలితో మాట్లాడుతూనే ఉంటాను.

నేను అడిగేది ఒక్కటే. వాళ్ళ నాన్న సంగతి పాపకు నిజం చెప్పండి. చిన్న చిన్న మాటల్లో, ఇంట్లోవాళ్ళే చెప్పాలి. నిజం తెలియని పిల్లలు ఖాళీని ఊహతో నింపుకుంటారు. ఆ ఊహ నిజం కంటే చెడ్డగా ఉంటుంది.

నమస్కారాలతో,
థెరపిస్టు

తా.క. తలుపు మీద బోర్డు పెద్ద అక్షరాలతో మళ్ళీ రాయించాను.

*

డాక్టరు కాని అమ్మగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అక్క ముందు పెట్టాను.

"పసిదానికి చావు కబురు చెప్పమంటుందా? ఆవిడకసలు పిల్లలున్నారట్రా?"

"ఏమో అక్కా. చదువుకున్న మనిషి."

"చదువుకుంటే? చావు పుస్తకాల్లో ఉంటుందా? కొన్నాళ్ళు పోతే అదే మరిచిపోతుంది. నోరు మూసుకుని ఊరుకో."

నోరు మూసుకున్నాను. పేపరు ముక్క అక్కడికి చిరిగిపోయింది మరి.

మీ వైద్యం ఇంట్లో నేనే చేసి చూశాను. నేల మీద కూర్చున్నాను. ప్రశ్నలు అడగకూడదన్నారని కనిపించింది కనిపించినట్టు చెప్పాను. "నువ్వు అగ్గిపెట్టెను తోస్తున్నావు. ఇప్పుడు ఆపావు. ఇప్పుడు నా వంక కోపంగా చూస్తున్నావు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతున్నావు." పిల్ల వెళ్ళిపోయింది. నేను లేవలేకపోయాను. కోడలు వచ్చి లేపేదాకా నాకు నేనే థెరపీ చేసుకున్నాను.

నిజం గురించి మీరు భయపడనక్కర్లేదు. ఏ మూలా ఏమీ కనిపించకుండా జాగ్రత్తపడ్డాం. మా అబ్బాయి బట్టలు పెట్టెలో పెట్టాం. పోలీసులు తిరిగి ఇచ్చిన వ్యాను నా షెడ్డులో చివరన పరదా కింద ఉంది. అటు ఎవరూ వెళ్ళరు. నేనే వెళ్ళను.

ఇట్లు,
పిల్ల తాత

తా.క. మీ బస్సు నా దగ్గరుంది. మంగళవారం మీరు బయట కోడలితో మాట్లాడుతుంటే గది తలుపు తీసే ఉంది. దొంగతనం అనకండి. సర్వీసుకు తీసుకెళ్ళాననండి.

*

తాతగారికి,

నమస్కారం. దయచేసి బస్సు బాగుచేయకండి. ఎలా ఉన్నది అలాగే తిరిగి ఇవ్వండి. చక్రం గురించి మీ మొదటి తాజా కలానికి జవాబు రాయకపోవడం నా పొరపాటు. అది విరిగి ఉండడానికి కారణం ఉంది. పాపకు అది అలాగే కావాలి.

తొందరలో,
థెరపిస్టు

తా.క. చక్రం దొరికినా పెట్టకండి.

ఇంకో తా.క. రంగు కూడా వేయకండి.

*

అమ్మగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. అందేటప్పటికి రెండో పూత ఆరుతోంది.

ఇంతకాలం పనిచేశాను కానీ, బండిని పాడుగా ఉన్నది పాడుగానే ఇవ్వమన్న కస్టమరును చూడలేదు. ఒకాయన ఉండేవాడు, హారను మాత్రం బాగుచేయవద్దనేవాడు. హారను మోగితే తను వస్తున్నట్టు అప్పులవాళ్ళకు తెలుస్తుందట. ఆయనకూ కారణం ఉంది. మీకూ ఉండే ఉంటుంది. కానీ చేసిన పని చెడగొట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇరుసు కొత్తది వేశాను. నాలుగు చక్రాలూ ఒకే రకం. వేలితో నెడితే గది ఈ గోడ నుంచి ఆ గోడకు పోతుంది. డ్రైవరు బొమ్మకు తల ఊగుతుంటే బిగించాను. ఈ మంగళవారం పొద్దున్నే వచ్చి, మీ ఊడ్చే మనిషిని బతిమాలి, అదే అరలో అదే చోట పెట్టేశాను. మా అబ్బాయి పోయాక నేను పూర్తిచేసిన మొదటి పని ఇదే. పిల్ల మొహం చూడాలని ఉంది కానీ, బోర్డు అక్షరాలు మరీ పెద్దవిగా ఉన్నాయి.

ఇట్లు,
పిల్ల తాత

తా.క. ఇది ఉచితం. గ్యారంటీ కూడా ఇస్తున్నాను.

*

తాతగారికి,

నమస్కారం. గదిలో జరిగింది చెప్పనన్నాను. మీ కోడలి అనుమతితో ఈ ఒక్కటి చెబుతున్నాను.

పాప బస్సును చూసింది. చేతిలోకి తీసుకోలేదు. చక్రాలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. తరవాత దాన్ని తలుపు దగ్గర పెట్టి, పక్కన కూర్చుని, తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా లేచి నిలబడింది. ఒకసారి ఊడ్చే ఆవిడ, ఒకసారి పోస్టు మనిషి. సమయం అయిపోయాక కూడా లేవలేదు. ఏడుస్తూ ఉంటే మీ కోడలు ఎత్తుకుని తీసుకెళ్ళింది.

బండి బాగయ్యాక నాన్న వస్తాడని మీరు చెప్పారు. బండి బాగయింది. నాన్న రాలేదు.

మీరు చెడు చేయాలని చేయలేదు. కానీ ఆ అబద్ధం ఇక ఒక్క రోజు కూడా పనికిరాదు. ఇలా చెప్పండి: నాన్న వ్యాను బోల్తాపడింది. నాన్నకు చాలా పెద్ద దెబ్బలు తగిలాయి. డాక్టర్లు బాగుచేయలేకపోయారు. నాన్న చనిపోయాడు, ఇక రాడు. 'నిద్రపోయాడు', 'దూరం వెళ్ళాడు' అనకండి. ఇందులో నీ తప్పేమీ లేదని చెప్పండి. తను ఏమడిగితే దానికే జవాబు చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

ఇంకొకటి. పాపకు ఒకరి మీద కోపం ఉంది. ఎవరి మీదో నేను చెప్పకూడదు. ఆ మాట తనది.

నమస్కారాలతో,
థెరపిస్టు

తా.క. రంగు చాలా బాగా వేశారు. అదే బాధ.

*

అమ్మా,

నమస్కారం. మీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను.

"అంత తెలిసినావిడ, ఆవిడనే వచ్చి చెప్పమను" అంది అక్క.

కోడలు అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మా ఇంటికి వచ్చాక అక్క ముందు దాని గొంతు పెద్దది కావడం నేను ఎరగను.

"పెద్దమ్మగారూ, పిల్ల మాట్లాడుతూనే ఉంది. నాతో బస్సెక్కితే మాట్లాడుతోంది, స్నానం చేయిస్తుంటే మాట్లాడుతోంది. వారాలైంది. మావయ్య ఉంటేనే నోరు విప్పదు."

"నేనుంటేనా? నేనేం చేశానే?"

"మీరేమీ చేయడం లేదనే, మావయ్యా, దాని కోపం."

నాకు తలాతోకా తెలియలేదు. తెలియనప్పుడు నేను షెడ్డుకు పోతాను. పోయాను. పిల్ల నా వెనకే వచ్చింది. నన్ను దాటుకుని తిన్నగా చివరికి వెళ్ళి, పరదా కొస పట్టుకుని ఎత్తింది. ఎక్కడ ఎత్తితే ఏం కనిపిస్తుందో దానికి బాగా తెలుసు.

"బస్సు బాగుచేశావుగా" అంది. ఇన్ని రోజులకు నాతో మొదటి మాట.

"చేశానమ్మా."

"మరి నాన్న వ్యాను ఎందుకు చేయవు? నువ్వు చేస్తేనే కదా నాన్న వచ్చేది?"

అమ్మా, అబద్ధం చెప్పేటప్పుడు కనీసం వేరే మెకానిక్కు ఉన్నాడనైనా చెప్పి ఉండవలసింది. బండి నా షెడ్డులో ఉంది. మెకానిక్కును నేను. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, పేపరు చదువుకుని, ఆ బండి మీద చెయ్యి వేయకుండా నేను కూర్చోవడం ఈ పిల్ల వానాకాలమంతా చూసింది. వాళ్ళ నాన్నను రానివ్వనిది నేనే అనుకుంది.

ఇక్కడ నాకో పాత కస్టమరు సంగతి గుర్తొస్తోంది. రాయను.

నేల మీద కూర్చున్నాను. మీరు రాసిన మాటలు వరస తప్పకుండా చెప్పాను. 'చనిపోయాడు' అన్న మాట నేనూ అదే మొదటిసారి పైకి అనడం.

"నువ్వు బాగుచేసినా రాడా?"

"నేను చేసినా రాడమ్మా."

"కొత్త చక్రాలు వేస్తే?"

"వేసినా రాడు. బండ్లయితే చేస్తాను. మనిషిని చేయడం నాకు రాదు."

"ఎవరికీ రాదా?"

"ఎవరికీ రాదు. నీ తప్పు లేదు. నా తప్పూ లేదు."

చివరి ముక్క మీరు రాయలేదు, నేనే కలిపాను. నమ్మిందో లేదో తెలియదు. పిడికిళ్ళతో నా గుండెల మీద కొట్టింది. కొట్టనిచ్చాను. తరవాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఊరుకోమని ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. అక్క గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

మంగళవారం కోడలు పిల్లను తీసుకొస్తుంది.

ఇట్లు,
పిల్ల తాత

తా.క. ఏడుపు తగ్గాక దాహం వేస్తోందంది. నీళ్ళు తెచ్చాను. తాగింది. గ్లాసు కడిగి బోర్లించాను.