మూసిన కిటికీలు, బుట్టెడు పుట్టగొడుగులు

సెయాక్, మంగళవారం

చిరంజీవి క్లోతిల్డ్‌కి మావయ్య ఒక్తావ్ ముద్దులతో రాయునది,

నువ్వు లిమోజ్‌లో వకీలువయ్యావని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడా వకీలుతోనే పనిపడింది. ఫోను చేద్దామంటే పోస్టాఫీసులో లైను కలిపే పిల్ల చెవులు రిక్కించి వింటుంది.

పోయిన గురువారం అడవిలో కోసిన పుట్టగొడుగులు పక్కింటి జిల్బెర్త్ గారికి ఇచ్చాను. బుట్ట ఖాళీగా తిరిగివ్వకూడదని ఆవిడ తను వండిన కుందేలు మాంసం సీసా అందులో పెట్టింది. వంగి వంగి కోసినందుకు నడుం పట్టేసి, కిటికీలు మూసుకుని రెండు రోజులు పడుకున్నాను. లేచి చూస్తే ఆవిడ కిటికీలూ మూసి ఉన్నాయి. గోడకి ఆవిడ చెల్లెలి సైకిలు ఆనించి ఉంది. అంటే ఇద్దరూ తిన్నారు.

తెలియక చంపినవాణ్ణి మన చట్టం ఏం చేస్తుంది?

ప్రస్తుతానికి ఇంట్లోనే ఉన్న,
మావయ్య

తా.క.: ఆవిడ సీసా నేను విప్పలేదు. నిరుడు ఇచ్చింది తిని మా పిల్లి ఇల్లు మారిపోయింది.

లిమోజ్, గురువారం

మావయ్యకి,

ముందు వెళ్లి ఆవిడ తలుపు తట్టు. ఇక చట్టం అంటావా: చేతకానితనం, తొందరపాటు, పరధ్యానం, అశ్రద్ధ, నిబంధన పాటించకపోవడం. వీటిలో దేనివల్ల మనిషి పోయినా, చంపాలని లేకపోయినా నేరమే. మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, పైన జరిమానా. పోయినవాళ్ల కుటుంబానికి పరిహారం వేరే కట్టాలి.

ఇంతకీ విషపువి కలిశాయేమోనని అందరిలాగా వాటిని మందులషాపాయనకి చూపించాకే ఇచ్చావా?

కంగారుతో,
క్లోతిల్డ్

తా.క.: చూపించకపోతే ఆ మాట కాగితం మీద పెట్టకు.

సెయాక్, శనివారం

క్లోతిల్డ్,

చూపించలేదు. ఆయన పుట్టకముందు నుంచీ కోస్తున్నవాణ్ణి, ఆయనకి చూపించడమేమిటి? నువ్వు రాసిన ఆ అయిదు మాటలూ మీ అత్తయ్య బతికున్నన్నాళ్లూ నన్ను అన్నవే. చట్టం రాసినవాళ్లు ఆవిణ్ణి అడిగి రాసినట్టున్నారు.

తలుపు తట్టే ధైర్యం లేక, సమాధుల మీద పెట్టే చామంతుల కుండీ ఒకటి ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చాను. పోలీసులు వస్తారని నా కిటికీలు తెరవలేదు. జైలుకి ఉన్ని మేజోళ్లు సర్దుకున్నాను.

జైలంటే భయం లేదు అమ్మాయ్. రోజూ పొద్దున ఆవిడ కిటికీ తీస్తూ "ఇంకా బతికే ఉన్నారా, ఒక్తావ్ గారూ?" అనేది. ఆ మాట లేక ఇల్లు బావురుమంటోంది.

నేరస్థుడు,
మావయ్య

తా.క.: పరిహారం కింద కోడిపుంజుని తీసుకుంటారా?

లిమోజ్, సోమవారం

మావయ్యా,

కిటికీ తెరిచి, మిగతాది చదువు.

నేను వకీలునని నువ్వు చాటిన చాటింపు పక్కింటికీ చేరింది. జిల్బెర్త్ గారు నాకు ఉత్తరం రాశారు. తన సీసా ఇచ్చిన మర్నాటి నుంచి నీ కిటికీలు తెరుచుకోలేదట. తెలియక చంపితే ఎంత శిక్ష అని అడిగారు. భయంతో ఆవిడా కిటికీలు మూసుకున్నారు. చెల్లెలు వచ్చింది ధైర్యం చెప్పడానికి. నీ చామంతులు చూసి, నీ తరఫువాళ్లు పగబట్టారని అక్కాచెల్లెళ్లిద్దరూ మంచం కింద దూరారట.

ఎవరూ పోలేదు కాబట్టి నేరమూ లేదు, పరిహారమూ లేదు. బతికే ఉన్నారా అని ఈసారి నువ్వే అడుగు. ఆవిడ ఉత్తరంలో చివరి పేజీ అంతా చట్టం గురించి కాదు, నీ గురించే.

ఇద్దరికీ వకీలు,
క్లోతిల్డ్

తా.క.: ఇది వకీలు చెప్పకూడదు, మేనకోడలు చెబుతోంది. నీ పుట్టగొడుగులు ఆవిడ పెంటకుప్పలో పారేశారు. ఒకరి చేతి తిండి ఒకరు తినకపోబట్టే ఇద్దరూ మిగిలారు. పెళ్లి చేసుకునేట్టయితే ముందు వంటమనిషిని చూసుకోండి.