పరీక్ష జరుగుతున్న గది

హెడ్మాస్టర్ సాబ్,

చదవడానికి మీరు లేరని తెలిసే రాస్తున్నాను. మీరు కన్నుమూసిన నెలకే మెదక్‌లోకి యూనియన్ ఫౌజు దిగింది. మీ కుర్చీలో మీ అసిస్టెంటునైన నన్ను కూర్చోబెట్టారు.

జెండా ఎగరేసిన పిల్లల కోసం రజాకార్లు వచ్చిన రోజు, మీరు తరగతి తలుపు మూసి గడపలో నిలబడ్డారు. "ఇమ్తెహాన్ నడుస్తుంది. అయ్యేదాంక ఇన్‌స్పెక్టరైనా లోపలికి రాడు" అన్నారు. లోపల పరీక్షా లేదు, పాడూ లేదు. అయినా వాళ్లు నమ్మి వెనక్కి తిరిగారు. ఆ పిల్లల్లో ఒకడైన మల్లయ్య కొడుకు అట్లా దక్కాడు.

ఈ రోజు ఆ మల్లయ్యే పదిమందిని వెంటేసుకొచ్చి, మన ఉర్దూ మాస్టర్ని తమకు అప్పగించమన్నాడు. ఆయన చేసిన తప్పేమిటని అడిగితే, పేరు చాలదా అన్నాడు. మీ దగ్గర నేర్చుకున్నదే నాకు దిక్కయింది. తలుపు మూసి, లోపల పరీక్ష జరుగుతోందన్నాను.

మల్లయ్య నవ్వాడు. "గీ పరీక్ష సంగతి మాకెర్క లేదా సార్? మా పోరడు గిట్లనే బతికిండు కద. జర పక్కకు జరుగుండ్రి."

లోపల ఉర్దూ మాస్టర్ సుద్దముక్క బల్ల మీద పెట్టేసిన చప్పుడు వినిపించింది.

రజాకార్లు ఆగిపోయిన గడపను మల్లయ్య చెప్పులతోనే దాటాడు సాబ్.