లోపల మీకేం పని?

రాయ్‌పూర్,
14 జూలై 2019

నా తండ్రి వంశీకి,

అమ్మ దీవెనలు. ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో "సరేలే అమ్మా, డ్యూటీ ఉంది" అంటావు. కాగితం అలా అనదు.

రైల్వేవాళ్లు నిన్ను నాగపూర్‌కి బదిలీ చేశాక కూడా మన వీణ బడి ఫీజు నేనే కడుతున్నాను కదా. ఈ నెల నుంచి అక్కడ కూర్చుని ఫోనులోనే నువ్వు కట్టేస్తావట, కోడలు చెప్పింది. ఈ వయసులో అమ్మను తిప్పడమెందుకని అన్నావట. ఒరే, నీ కడుపులో మాట నాకు తెలియదా? ఆ ప్రిన్సిపాల్ మేడమ్ నీకు నా మీద చాడీలు చెప్పింది.

నేను చేసిన తప్పేమిటి? ఒకటో తరగతి నుంచి మీ నాన్న పింఛన్లోంచి కడుతున్నాను. పండరీ బజారులో జానెడు గుడ్డ తగ్గితే కొట్టువాణ్ణి వదులుతామా? లెక్కల టీచరు వారం సెలవు పెడితే ఆ వారం డబ్బు తగ్గించమన్నాను. కంప్యూటర్ ఫీజు తీసుకుంటున్నారు కదా అని ఆ గదిలోకి వెళ్లి చూశాను. కంప్యూటర్లన్నిటికీ పెళ్లికూతుళ్లలా ముసుగులు! ఒక ముసుగు ఎత్తితే కింద అట్టపెట్టె. ఆ సంగతి వీధి చివరిదాకా వినిపించేలా చెప్పాను, అంతే.

మొన్న పదో తేదీన అలవాటుకొద్దీ బడికి వెళ్లాను. గేటు కాపలా ప్రేమ్‌చంద్ అడ్డంగా నిలబడ్డాడు. "ఫీస్ తో జమా హో గయీ, అమ్మాజీ. అందర్ క్యా కామ్ హై?" అన్నాడు. ఫీజు జమ అయిపోయింది, లోపల మీకేం పని అని. వంశీ, తల వంచుకుని వచ్చేశాను. నేను!

సిగ్గు విడిచి రాస్తున్నాను. మీ నాన్న ఉన్నప్పుడు జీతం తెచ్చి నా చేతిలో పోసేవారు. ఇప్పుడు అద్దె నువ్వు కడతావు, కూరలు సాయిలక్ష్మి బేరమాడుతుంది. పాపం, నన్ను బాగానే చూస్తుంది. కానీ "తిన్నావేటత్తా? మాత్రేసుకున్నావా?" తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగరు. నన్ను చూడగానే నలుగురు సర్దుకుని కూర్చునే చోటు ఆ బడి ఒక్కటే మిగిలింది. అదీ పోయింది. చాలా బాధగా ఉంది నాయనా.

నీ అమ్మ,
పైడితల్లి

*

రాయ్‌పూర్,
11 ఆగస్టు 2019

బంగారు తండ్రీ వంశీ,

నీ జవాబు అందింది. "ఫీజు మళ్లీ నువ్వే కట్టమ్మా, వాళ్లను నీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకో" అని రాశావు. చదివి కళ్లు తుడుచుకున్నాను. కానీ అక్కర్లేదు. కన్నవాడివి, వీణ ఫీజు నువ్వే కట్టు.

నేను ఊరుకున్నాననుకున్నావా? నీకు ఉత్తరం పోస్టు చేసి, అటునుంచి అటే ప్రేమ్‌చంద్‌ను దులిపేద్దామని గేటు దగ్గరికి వెళ్లాను. అతని కూతురు చాందిని అక్కడ స్టూలు మీద కూర్చుంది. లోపలి పిల్లలు ఎక్కాలు చదువుతుంటే తనూ చదువుతోంది. వాళ్లు తప్పు చెబితే బయటి నుంచి దిద్దుతోంది కూడా! ఆ పిల్లది మధ్యాహ్నం పూట సర్కారు బడి. పొద్దున్నంతా తండ్రి దగ్గరే ఉంటుంది.

"దీన్ని ఇక్కడే ఎందుకు చేర్పించలేదు?" అని అడిగాను.

"స్టాఫ్ పిల్లలకి ఆధీ ఫీసే, అమ్మాజీ. పర్ ఆధీ భీ కహాఁ సే లావూఁ?" అన్నాడు. ఆ సగమైనా ఎక్కణ్ణుంచి తేవాలని. నా కోపం ఎటు పోయిందో తెలియదు. పిల్ల చెయ్యి పట్టుకుని తిన్నగా ఆఫీసులోకి వెళ్లి, ఆ సగం నేను కడతానన్నాను. మేడమ్ తల పట్టుకుంది.

"పిల్లదాని చదువు కోసం చేసినావా అత్తా, నీ గేటు కోసం చేసినావా?" అని సాయిలక్ష్మి నవ్వింది. రెండూ అన్నాను. అబద్ధమెందుకు?

ఇప్పుడు నన్ను చూస్తే ప్రేమ్‌చంద్ గేటు బార్లా తెరుస్తున్నాడు. నిన్న చాందిని రసీదు నా చేతిలో పెడుతూ మేడమ్, "ఆధీ హీ ఫీస్ హై, మాతాజీ. ఇక కాస్త శాంతంగా ఉండండి" అంది.

ఫీజు సగమే గానీ గొడవ మాత్రం పూర్తిగా పెడతానని చెప్పి, కంప్యూటర్ గది వైపు నడిచాను.

నీ అమ్మ,
పైడితల్లి